డైరీలో నాలుగు ముక్కల ఇంగ్లీషు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా ఎదురింటావిడ డిగ్రీ దాకా చదువుకుంది. తెలుగు మీడియం. ఇంటిపనీ, ఇంటి లెక్కా, బ్యాంకు పనీ అన్నీ తనే చూసుకుంటుంది. అలాంటిది, మొన్న ఒకరోజు సాయంత్రం కూతురి స్కూలు డైరీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పిన్నిగారూ, ఇందులో ఇన్ని తప్పులున్నాయా?" అని డైరీ నా చేతికిచ్చింది.

సంగతేమిటంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లకి జ్వరం వచ్చింది. టీచరుకి డైరీలో నాలుగు వాక్యాలు రాసింది తల్లి. పిల్ల ఆ నాలుగు వాక్యాలూ చదివి, ఎర్ర కలంతో సున్నాలు చుట్టి, "అమ్మా, ఇది మా మేడమ్‌కి చూపిస్తే క్లాసులో నవ్వుతారు. నాన్నతో రాయిస్తాలే" అందట. పిల్ల మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండకపోవచ్చు. కానీ తల్లికి ఎక్కడో తగిలింది. "ఇకమీదట సంతకం కూడా ఆయన్నే పెట్టమంటాను" అంది నాతో.

నేను ఇరవై ఆరేళ్ళు ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని. "సంతకం సంగతి తర్వాత చూద్దాం, ముందు కూర్చో" అన్నాను. ఇద్దరం ఆ నాలుగు వాక్యాలూ ముందర పెట్టుకున్నాం. ఆవేళ మేం మాట్లాడుకున్నవే ఇవాళ మీతో చెప్తాను. ఆ వాక్యాలు ఇవి:

"మై డాటర్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్. ఎస్టర్‌డే షీ డిడ్ నాట్ కేమ్ టు స్కూల్. ఐ డోంట్ నో వెన్ విల్ షీ గెట్ వెల్. షీ విల్ కమ్ టిల్ మండే."

మొదటి వాక్యంలో చిక్కంతా 'సిన్స్' దగ్గర. మనం తెలుగులో "సోమవారం నుంచి జ్వరం" అంటాం, "రెండు రోజుల నుంచి జ్వరం" అని కూడా అంటాం. రెండు చోట్లా 'నుంచి' ఒకటే. ఇంగ్లీషువాళ్ళు ఈ రెంటినీ వేరు చేస్తారు. మొదలైన క్షణం చెప్తే 'సిన్స్', సాగిన కాలం కొలత చెప్తే 'ఫర్'. ఈ సూత్రం పుస్తకాల్లో ఉన్నదే, అయితే మాట్లాడే తొందరలో గుర్తు రాదు. నేను పిల్లలకి ఒక చిట్కా చెప్పేదాన్ని. 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి. "రెండు రోజులుగా జ్వరం" - బాగానే ఉంది. "సోమవారంగా జ్వరం" - అలా ఎవరూ అనరు. 'గా' అతికితే 'ఫర్', అతకకపోతే 'సిన్స్'. "పదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాం" - ఫర్ టెన్ ఇయర్స్. "చిన్నప్పటి నుంచి ఆవిడ నాకు తెలుసు" - 'చిన్నప్పటిగా' అనం కదా, కాబట్టి సిన్స్ చైల్డ్‌హుడ్.

ఇంకో సంగతి. అప్పుడు మొదలై ఇంకా ఉన్నదాన్ని చెప్పేటప్పుడు వట్టి 'ఈజ్' చాలదు, 'హాజ్' కావాలి. "షీ హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్" అంటే సరిపోతుంది. అన్నట్టు, మామూలు జలుబూ జ్వరానికి 'సఫరింగ్' అని అంత పెద్ద మాట ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు. సెలవు చీటీల్లో తరతరాలుగా ఆ మాట వస్తోంది, అంతే.

రెండోది 'డిడ్ నాట్ కేమ్'. ఎదురింటావిడ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "నిన్నటి సంగతి కదా పిన్నిగారూ, నిన్నటికి 'కేమ్' అనే కదా రాయాలి?" నేను తెలుగులోనే జవాబు చెప్పాను. "వచ్చింది" అంటాం. రాకపోతే ఏమంటాం? "రాలేదు" అంటాం. 'వచ్చింది'లో ఉన్న 'ఇంది' 'రాలేదు'లో ఏమైపోయింది? జరిగిపోయిన కాలం బరువంతా 'లేదు' తన నెత్తిన వేసుకుంది, 'రా' అనే ధాతువు మాత్రం ఒట్టిగా మిగిలింది. ఇంగ్లీషులోనూ అచ్చం ఇంతే. ఆ బరువు 'డిడ్' మోస్తోంది, అందుకని అసలు క్రియ ఒట్టిగా 'కమ్' అని ఉండాలి. ప్రశ్న అడిగినా అంతే: "డిడ్ షీ కమ్?" ఒకే బరువుని ఇద్దరు మొయ్యక్కర్లేదు.

ఈ కాలాల దగ్గరే ఇంకొకటి. "ఐ హావ్ సీన్ హర్ ఎస్టర్‌డే" అనేవాళ్ళని చాలామందిని చూశాను, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళలో కూడా. 'హావ్ సీన్' అన్నప్పుడు ఎప్పుడు చూశామన్నది చెప్పకూడదు. 'నిన్న', 'పోయిన వారం', '2010లో' అని కాలం చెప్పేస్తే వట్టి 'సా' చాలు.

మూడో వాక్యం నాకు ఎంతో ఇష్టమైన తప్పు. ఎందుకంటే దీనికి మందు మన తెలుగులోనే ఉంది. "ఐ డోంట్ నో వెన్ విల్ షీ గెట్ వెల్." ఇంగ్లీషులో సూటిగా ప్రశ్న అడిగేటప్పుడు మాటల వరస తిరగబడుతుంది. "వెన్ విల్ షీ గెట్ వెల్?" సరే. కానీ ఆ ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్ళిపోయినప్పుడు వరస మళ్ళీ మామూలుగా అయిపోవాలి. "ఐ డోంట్ నో వెన్ షీ విల్ గెట్ వెల్." ఇప్పుడు తెలుగు చూడండి. "ఎప్పుడు తగ్గుతుంది?" ఇది సూటి ప్రశ్న. "ఎప్పుడు తగ్గుతుందో తెలియదు." చివర 'ఓ' వచ్చింది. ఆ 'ఓ' వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో వరస తిరగెయ్యకూడదు. "ఆవిడ ఎక్కడ ఉందో" - వేర్ షీ ఈజ్. "ఎంత అవుతుందో" - హౌ మచ్ ఇట్ విల్ బీ. "ఆయన ఏమన్నారో" - వాట్ హీ సెడ్. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. "వేర్ యూ ఆర్ గోయింగ్?" అని అడగడం. అక్కడ 'ఓ' లేదు, సూటి ప్రశ్న, కాబట్టి "వేర్ ఆర్ యూ గోయింగ్?" అనాలి.

నాలుగో వాక్యం చదివి నేను కాసేపు మాట్లాడలేదు. "షీ విల్ కమ్ టిల్ మండే." మిగతా మూడూ తప్పులైనా టీచరుకి అర్థమవుతాయి. ఇది అలాక్కాదు, అర్థమే తలకిందులైపోతుంది. ఆవిడ అనుకున్నది "సోమవారానికల్లా వస్తుంది" అని. కాగితం మీద పడింది "సోమవారం వరకు వస్తూ ఉంటుంది" అని! అంటే ఆ తర్వాత రాదేమో అనుకోవాలి. 'టిల్' అంటే వరకు. 'బై' అంటే లోగా, కల్లా. ఇందులో తెలుగు తప్పేమీ లేదు, మన భాషలో తేడా స్పష్టంగానే ఉంది. "అయిదింటి వరకు ఇంట్లో ఉంటాను", "అయిదింటికల్లా ఇంట్లో ఉంటాను" - ఈ రెండూ ఒకటేనని చిన్నపిల్ల కూడా అనదు. ఇంగ్లీషు రాసేటప్పుడు మన భాషలో మనకున్న తెలివిని గుమ్మం బయట వదిలేసి లోపలికి వెళ్తాం, అదే వచ్చిన చిక్కు.

ఫీజు కాగితాల మీదా, ఇన్సూరెన్సు కాగితాల మీదా 'బై' అని ఉంటే, ఆ తేదీ దాటకుండా కట్టాలని. 'టిల్' అని ఉంటే అప్పటిదాకా గడువు నడుస్తుందని. ఇక 'లీవ్ టిల్ మండే' అన్నది తప్పు కాకపోయినా చిక్కే. సోమవారం పిల్ల వస్తుందా, రాదా? తెలుగులో "సోమవారం వరకు సెలవు" అన్నా ఇదే అనుమానం. అలాంటిచోట వచ్చే రోజు పేరు చెప్పెయ్యడం మంచిది: "షీ విల్ కమ్ బ్యాక్ ఆన్ మండే."

ఇదంతా చెప్తూ ఉంటే ఎదురింటావిడ, "మీకేం పిన్నిగారూ, మీరు ఎక్కడా తడుముకోరు" అంది. అప్పుడు నా కథ కూడా చెప్పక తప్పలేదు.

కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళాను. నాకు షుగరు ఉంది కదా అని, అక్కడ రక్తపరీక్షకి తీసుకెళ్ళారు. పరగడుపున వెళ్ళాలి, వెళ్ళాను. నర్సు ఏదో రాసుకుంటూ, "యూ హావెంట్ ఈటెన్ ఎనీథింగ్ దిస్ మార్నింగ్?" అని అడిగింది. నేను నిండుగా తలూపి "ఎస్" అన్నాను. నా ఉద్దేశం - అవునమ్మా, నువ్వన్నది నిజమే, ఏమీ తినలేదు అని. ఆవిడ కలం పక్కన పెట్టి, అయితే రేపు రండి అంది. నాకు అర్థం కాలేదు. కారు దగ్గరికి వచ్చి అమ్మాయికి జరిగింది చెప్తూ ఉంటే అప్పుడు వెలిగింది. ఇంగ్లీషు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసినదాన్ని, మర్నాడు మళ్ళీ ఖాళీ కడుపుతో అదే కుర్చీలో కూర్చున్నాను.

మన 'అవును' ఎదుటివారి మాటతో ఏకీభవిస్తుంది. "తినలేదా?" అంటే "అవునండీ, తినలేదు" అంటాం. ఇంగ్లీషు 'ఎస్' ఎదుటివారి వైపు చూడదు. దాని వెనకాల వచ్చే మన వాక్యం వైపు చూస్తుంది. నా వాక్యంలో 'లేదు' ఉంటే 'నో', లేకపోతే 'ఎస్'. "నో, ఐ హావెంట్." ఇంతే. 'ఎస్, ఐ హావెంట్' అన్నది ఇంగ్లీషులో కుదరదు. పరీక్షైతే మర్నాడు చేయించుకోవచ్చు. కానీ డాక్టరు "ఫలానా మందు మీకు పడకపోవడమేమీ లేదు కదా?" అని ఇంగ్లీషులో అడిగారనుకోండి. అక్కడ ఒక్క 'ఎస్'తో ఊరుకుంటే ప్రమాదం. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో, విమానాశ్రయంలో వట్టి ఎస్, నో అనకుండా వాక్యం పూర్తిగా చెప్పండి: "ఐ హావ్ నాట్ ఈటెన్." "ఐ కెనాట్ టేక్ దట్ టాబ్లెట్." వ్యాకరణం కొంచెం తప్పినా ఫరవాలేదు, అర్థం తప్పకూడదు.

'కదా' సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. మనకి అన్నిటికీ ఒకే 'కదా'. వస్తావు కదా, తిన్నారు కదా, మంచిది కదా. అందుకని ఇంగ్లీషులో కూడా అన్నిటికీ 'ఇజింట్ ఇట్' తగిలిస్తాం. వాళ్ళ 'కదా' ముందున్న మాటని బట్టి మారుతుంది. "యూ ఆర్ కమింగ్, ఆరెంట్ యూ?" "షీ వెంట్, డిడింట్ షీ?" ఇది వెంటనే అలవాటు కాదు. రానన్నాళ్ళూ ఆ తోక వదిలేసి "ఆర్ యూ కమింగ్?" అని సూటిగా అడిగితే సరిపోతుంది.

తర్వాత ఆవిడ అడిగింది 'ఎ', 'ఏన్' గురించి. ఎ, ఈ, ఐ, ఓ, యూ అనే అక్షరాల ముందు 'ఏన్' అని బళ్ళో చెప్పారు. మరి 'ఎ యూనివర్సిటీ' అంటారేం, 'ఏన్ అవర్' అంటారేం? అసలు సంగతేమిటంటే లెక్క అక్షరానిది కాదు, చెవికి వినిపించే శబ్దానిది. మనకి దీనికి మంచి సాధనం ఉంది - మన లిపి. ఆ మాటని తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే 'ఏన్', హల్లుతో మొదలైతే 'ఎ'. 'యూనివర్సిటీ', 'యూనిఫారం' - 'య' కనిపిస్తోంది, కాబట్టి 'ఎ'. 'అవర్', 'ఆనెస్ట్' - అచ్చు, కాబట్టి 'ఏన్'. 'ఎమ్మెల్యే', 'ఎమ్మే' - అచ్చు, కాబట్టి ఏన్ ఎమ్మెల్యే. 'వన్ రుపీ కాయిన్' - 'వ' ఉంది, ఎ వన్ రుపీ కాయిన్.

అయితే ఈ చిట్కాకి ఒక చిల్లు ఉంది. యాపిల్, యాక్టర్, యాక్సిడెంట్ - వీటిని మనం 'యా' పెట్టి రాస్తాం. ఆ శబ్దానికి మన దగ్గర సరైన అక్షరం లేక అలా రాసుకుంటున్నాం. వాళ్ళ నోట అది అచ్చే, కాబట్టి ఏన్ యాపిల్. అలాగే కోడిగుడ్డుని 'యెగ్గు' అని పలకడం మనలో కొందరికి అలవాటు. అది మన నాలుక అలవాటే, ఏన్ ఎగ్ అనే రాయాలి.

ఇక ఏకవచనం, బహువచనం. 'హెయిర్' గురించి ఎంతమంది అడిగారో! "హర్ హెయిర్స్ ఆర్ లాంగ్" అంటే ఎందుకు తప్పు? తెలుగులో జుట్టు వేరు, వెంట్రుకలు వేరు కదా. "ఆ అమ్మాయి జుట్టు పొడుగు" అంటాం, వెంట్రుకలు లెక్కపెట్టం. ఇంగ్లీషు 'హెయిర్' జుట్టు. సాంబారులో ఒకటి కనిపించిందనుకోండి, అప్పుడది వెంట్రుక, 'ఎ హెయిర్'. లగేజీ, ఫర్నిచరు, అడ్వైజు, ఇన్ఫర్మేషను - ఇవన్నీ జుట్టు లాంటివే, వెనకాల 'స్' చేర్చకూడదు. పాలూ నీళ్ళూ మనకి బహువచనాలు. పాలు విరిగిపోయాయి అంటాం. వాళ్ళకి ఏకవచనం: "ది మిల్క్ హాజ్ టర్న్‌డ్." "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అన్నది మాత్రం మన్నించడానికి వీల్లేదు. తెలుగులో కూడా "మా స్నేహితురాళ్ళలో ఒకావిడ" అని బహువచనమే అంటాం కదా, 'ఫ్రెండ్స్' అనాలి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మా తరంలో, మా అమ్మ తరంలో మరీనూ, ఇంటాయన పేరు ఎత్తేవాళ్ళు కాదు, 'వారు' అనేవాళ్ళు. ఒకావిడ ఇంగ్లీషు నేర్చుకుంటూ "మై హజ్బెండ్ హాజ్ గాన్ టు గుంటూరు. దే విల్ కమ్ టుమారో" అంది. వెళ్ళింది ఒకరు, వచ్చేది ఎంతమంది? నేను 'హీ' అనాలని చెప్తే, "అమ్మో, 'వాడు' అన్నట్టుంటుందండీ" అంది. ఆ జంకు నాకు తెలుసు. కానీ ఇంగ్లీషులో 'హీ' వాడూ కాదు, వారూ కాదు. ప్రధానమంత్రైనా హీ, పాలవాడైనా హీ. వాళ్ళ మర్యాద సర్వనామంలో లేదు. 'ప్లీజ్'లో ఉంది, 'కుడ్ యూ'లో ఉంది. "గివ్ మీ వాటర్" అంటే వాళ్ళకి నొప్పి, మనకి అందులో తప్పే కనిపించదు.

"ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్" అన్నా నవ్వొస్తుంది. ఉన్న పిల్లల్ని చెప్పడానికి 'ఐ హావ్'. 'హావింగ్' అంటే ఇప్పుడు కవలలతో ఉన్నానని అనుకునే వీలుంది. అయితే 'హావింగ్ లంచ్' తప్పు కాదు, అది తినడం. "మైసెల్ఫ్ లక్ష్మి" అని పరిచయం చేసుకోవడం కూడా మానాలి. "నేను లక్ష్మిని" అన్నప్పుడు మనకి క్రియ అక్కర్లేదు. చివరి 'ని' ఆ పని చేస్తుంది. ఇంగ్లీషులో ఆ 'ని' బదులు 'యామ్' ఉండాలి: "ఐ యామ్ లక్ష్మి." ఫోనులో అయితే "దిస్ ఈజ్ లక్ష్మి."

ఇన్ని చెప్పాక ఆవిడ, "ఐ హావ్ ఎ డౌట్" అంది నవ్వుతూ. ఆ మాట కూడా మన ఇంటి సొత్తే! ఇంగ్లండులో ఎవరైనా అలా అంటే, మీరు చెప్పింది నమ్మను అన్న వాసన వస్తుంది. మన 'అనుమానం'లో రెండూ ఉన్నాయి. అడగదలచుకున్న సందేహమూ ఉంది, అనుమానపు మొగుడి అనుమానమూ ఉంది. వాళ్ళకి 'డౌట్' రెండోదానికి దగ్గర. బయటివాళ్ళతో "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి. మన ఊళ్ళో, మన బళ్ళో 'డౌట్' అంటే నాకేం అభ్యంతరం లేదు. అలాగే 'కజిన్ బ్రదర్', తోడికోడలికి 'కో-సిస్టర్' లాంటి మాటల్ని కూడా నేను ఎర్ర కలంతో కొట్టెయ్యను. తోడికోడలికి వాళ్ళ దగ్గర విడిగా మాట లేదు. లేనప్పుడు మనం కల్పించుకున్నాం. 'పోస్ట్‌పోన్'కి ఎదురుగా మన దేశంలో వాడుకకొచ్చిన 'ప్రీపోన్' ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది. మూడొందల ఏళ్ళకి పైగా ఈ దేశంలో తిరుగుతున్న భాష, మన ఇంటి కూర రుచి దానికి అంటకుండా ఎలా ఉంటుంది? పెళ్ళి కబుర్లలో ఫరవాలేదు, ఉద్యోగం దరఖాస్తులో మాత్రం చూసుకోవాలి.

ఉత్తరం చివర 'యువర్స్' రాసేటప్పుడు 'స్' ముందు పైన కొమ్ములాంటి గుర్తు పెట్టకూడదు. 'డియర్ మేడమ్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరుతో మొదలుపెడితే 'యువర్స్ సిన్సియర్లీ'. ఇది బ్రిటిష్ పద్ధతి, మన బళ్ళలో నేర్పేదీ ఇదే.

చీకటి పడే వేళకి ఆవిడ డైరీలో ఇంకో పేజీ తీసి తనే రాసింది. నేను ఒక్క అక్షరం చెప్పలేదు.

"డియర్ మేడమ్, మై డాటర్ హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్, సో షీ డిడ్ నాట్ కమ్ టు స్కూల్ ఎస్టర్‌డే. ది డాక్టర్ హాజ్ ఆస్క్‌డ్ హర్ టు రెస్ట్. షీ విల్ కమ్ బ్యాక్ ఆన్ మండే. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ."

కింద తన సంతకం తనే పెట్టింది. పాత పేజీ చింపెయ్యనా అని అడిగితే, వద్దులే పిన్నిగారూ, ఉండనివ్వండి అంది. సోమవారం పొద్దున పిల్ల బస్సు కోసం గేటు దగ్గర నిలబడి డైరీ తీసి రెండుసార్లు చదువుకోవడం మా వరండాలోంచి చూశాను. ఎర్ర కలం తియ్యలేదు. బస్సు వచ్చింది, డైరీ సంచిలో పెట్టుకుని ఎక్కేసింది.